పదకొండు బళ్ల గుల్లబురద

1919 జనవరి 13, సోమవారం
పొద్దున ఫారెన్‌హీట్ సున్నాకి ఆరు డిగ్రీల కింద. వాయవ్యం గాలి. నది మీద మంచు పద్నాలుగు అంగుళాలు. పక్క పొలం లాక్లన్‌తో కలిసి, గుర్రాలు తిప్పే మా ఉమ్మడి తవ్వుడు యంత్రాన్ని ఒడ్డు నుంచి మంచు మీదికి లాగి, కన్నం కోశాను. మొదటి వంతు లాక్లన్‌ది. శుక్రవారం నుంచి మాది. ఈ ఏడు కొండవైపు మడి మొత్తానికి నది అడుగు గుల్లబురద ఎరువుగా తోలాలి. నాలుగేళ్లుగా ఆ నేల సున్నం లేక పులిసిపోయి ఉంది.
మా అబ్బాయి ఈవన్ రెండు గుడ్లు తిన్నాడు.

జనవరి 15
మంచు కురిసింది. కట్టెలు కొట్టాను. ఈవన్ మంచం దక్షిణం గదిలోకి మార్చాం. క్షయకి చలిగాలే మందట, కిటికీ రాత్రీ పగలూ తెరిచే ఉంచాలని డాక్టరు చెప్పాడు. చెంబులో నీళ్లు గడ్డకడుతున్నాయి. వాడు ఉన్ని టోపీ పెట్టుకుని పడుకుంటున్నాడు.
"ఇంగ్లండులో తడి గుడారంలో ఇట్లాగే పడుకోబెట్టి జబ్బు తెప్పించారు నాన్నా. ఇక్కడ ఇట్లాగే పడుకోబెట్టి తగ్గిస్తారట. సైన్యం కంటే మన డాక్టరే నయం, పొద్దున్నే కవాతు చెయ్యమనడు."
వాళ్లమ్మ కిర్స్టీ నవ్వింది. నేనూ నవ్వాను.

జనవరి 17
వంతు మొదలైంది. తొమ్మిది బళ్లు. గుర్రాలు బాగా తిరిగాయి. గుల్లలు లావుగా ఉన్నాయి, మట్టి తక్కువ.

జనవరి 18
పది బళ్లు. కన్నం అంచు కొంచెం విరిగింది, పలకలు వేశాను.

జనవరి 21, మంగళవారం
ఎండ. గాలి లేదు. పొద్దున నాలుగు బళ్లే తోలాను. సైన్యం తరఫున పట్నం నుంచి ఒక అధికారి వచ్చాడు. లాక్లన్ స్టేషన్ నుంచి తన మంచుబండిలో తీసుకొచ్చి, తనూ వంటింట్లో కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా పక్క పొలం వాడు, చర్చి సంఘపెద్ద, సాక్షిగా పనికొస్తాడని కిర్స్టీయే రమ్మంది.
పింఛను రావాలంటే ఈవన్ జబ్బు యుద్ధసేవ వల్ల వచ్చిందా, కాదా అన్నది తేల్చాలి. అధికారి కుర్రవాడే. మర్యాదగా మాట్లాడాడు. ఈవన్ దుప్పటి కప్పుకుని పొయ్యి పక్కన కూర్చున్నాడు.
"సైన్యంలో చేరకముందు మీ అబ్బాయికి ఛాతీ జబ్బేమన్నా ఉండేదాండీ?"
కిర్స్టీ అంది, "లేదు బాబూ. ఎద్దులా ఉండేవాడు."
"గుర్రంతో సమానంగా లాగేవాడండీ," అన్నాడు లాక్లన్. "తిండి మాత్రం గుర్రం కంటే తక్కువే తినేవాడు."
ఈవన్ అన్నాడు, "అది మా అమ్మ వంట చూసి."
అధికారి నవ్వుతూ రాసుకున్నాడు. కలానికి మూత పెట్టాడు. కాగితం నా వైపు తిప్పి, కింద సంతకం పెట్టమన్నాడు. చదివాను. 'చేరకముందు ఏ అనారోగ్యమూ లేదు' అని ఉంది.
"ఆగండి. పుస్తకం చూసి చెప్తాను," అన్నాను.
నేను బడికి పోయినవాణ్ణి కాదు. పంచాంగం చూసి అక్షరాలు దిద్దుకున్నాను. పద్దెనిమిది వందల తొంభై ఒకటి నుంచి ఒక్క ఏడూ తప్పకుండా రాస్తున్నాను. తొలి మంచు ఎప్పుడు పడిందని, ఎవరి ఆవు ఎప్పుడు ఈనిందని తగాదా వస్తే ఈ ఏటి ఒడ్డు వాళ్లంతా మా ఇంటికే వస్తారు. 1915 పుస్తకం అల్మరాలోంచి తీసి చదివాను. ఫిబ్రవరి 23: ఈవన్‌కి దగ్గు, ఇంట్లో ఉంచాం. మార్చి 2: ఈవన్ ఇంకా మంచం మీదే. మార్చి 30: ఈవన్ లేచాడు, చిక్కిపోయాడు.
అధికారి కలం మూత తీశాడు.
"దగ్గు దేనివల్ల వచ్చిందో రాశారాండీ?"
"లేదు. రాయలేదు."
అది నిజం. రాయలేదు.
ఆయన ఆ మూడు తేదీలూ ఎక్కించుకుని, కొత్తగా రాసి ఇచ్చాడు. సంతకం పెట్టాను. కిర్స్టీ పిండి కలుపుతున్నది కలుపుతున్నట్టే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. రొట్టె మాడలేదు గాని పొంగలేదు.
పెరట్లో లాక్లన్ గుర్రానికి పట్టీ బిగిస్తూ అన్నాడు, "మర్డో, ఆయన కలానికి మూత పెట్టేశాడు కదయ్యా."
"అబద్ధం మీద సంతకం పెట్టను."
"దగ్గు రాని కుర్రాడు ఈ దీవిలో ఎవడున్నాడు? నాకు ఇప్పుడూ ఉంది దగ్గు. నన్నూ పట్టిస్తావా?"
"నా పుస్తకంలో తప్పుండదు."
"తప్పుండదు. అన్నీ ఉంటాయా?"
బండి తోలుకుని వెళ్లిపోయాడు. ఏమన్నాడో నాకు అర్థం కాలేదు.

జనవరి 22
పది బళ్లు. కిర్స్టీ నాకంటే ముందే తినేసింది.

జనవరి 23
పదకొండు.

జనవరి 26, ఆదివారం
పని లేదు. చర్చిలో పాస్టరుగారు ప్రకటించారు. యుద్ధంలో పోయిన మన కుర్రాళ్ల పేర్లతో ఓక్ చెక్క ఫలకం చేయిస్తారట. ఇప్పటికి ఆరుగురు. ఇంటికొచ్చి చెప్పాను. చెప్పకపోయినా లాక్లన్ భార్య చెప్పేదే.
ఈవన్ అన్నాడు, "వడ్రంగితో చెప్పి కాస్త చోటు ఉంచమను నాన్నా. నాది పొట్టి పేరే."
"అట్లా మాట్లాడకు," అంది కిర్స్టీ.
"ఊరికే అనడం లేదమ్మా. మూడేళ్లు పోయాయి. ఒక్క గుండు పేల్చలేదు, ఒక్క శత్రువుని చూడలేదు. ఎనిమిది నెలలు ఆసుపత్రి కప్పు చూశాను. ఆ మూడేళ్లు ఎక్కడికి పోయాయో ఎక్కడో ఒక చెక్క మీదన్నా ఉండాలిగా."
ఆ కాగితం మంచిగా వస్తే పేరు దానంతటదే వస్తుందని చెప్పాను. ఈవన్ నా వైపు చూసి, టోపీ కళ్లమీదికి లాక్కున్నాడు.

ఫిబ్రవరి 3
తుఫాను. దొడ్డి దాకా తాడు కట్టుకుని వెళ్లాను.

ఫిబ్రవరి 11, మంగళవారం
పొద్దున సున్నాకి పది పైన. ఎనిమిది బళ్లు. ఉత్తరం వచ్చింది.
ఈవన్ దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి ఆ అధికారి గొంతు పెట్టి పైకి చదివాడు. జబ్బు సైన్యంలో చేరకముందు నుంచీ ఉన్నదట. తండ్రి స్వయంగా చూపిన రోజువారీ పుస్తకాన్ని బట్టి తేలిందట. సేవ వల్ల వచ్చినట్టు పరిగణించలేమట.
"నాన్నా, ఆ పుస్తకం తీసుకురా."
తెచ్చాను. పేజీలు వాడే తిప్పాడు. వాడి వేళ్లు ఆడపిల్ల వేళ్లలా సన్నబడిపోయాయి.
"ఫిబ్రవరి 17, బుధవారం," అని చదివాడు. "మెత్తబడిన మంచు. గుల్లబురద పదకొండు బళ్లు. గుర్రం వల్ల గంటన్నర పోయింది."
నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది. కిర్స్టీ గిన్నె పట్టింది. తేరుకున్నాక మళ్లీ అన్నాడు, "గుర్రం వల్ల గంటన్నర. అంతేనా?"
"అంతే ఉంది."
"గుర్రం మంచు విరిగి మెడదాకా మునిగింది. పట్టీలు కొయ్యడానికి నీళ్లలోకి దిగిందెవరు?"
"నువ్వు."
"దిగమందెవరు?"
నేను పొయ్యిలో కట్టె వేశాను.
"ఛాతీదాకా నీళ్లు. పైకొచ్చాక ప్యాంటు గడ్డకట్టి రేకులా మోగింది. లాక్లన్ బాబాయి వాళ్ల ఇంటికి పొమ్మన్నాడు, పొయ్యి వెలుగుతోందన్నాడు. నువ్వేమన్నావు?"
"గుర్తు లేదు."
"నడుస్తుంటే వాడే వేడెక్కుతాడులే అన్నావు. వంతుకి అదే ఆఖరి పూట. వదిలితే మళ్లీ మన వంతు రాకముందే మంచు పోతుంది. నాలుగు గంటలు తోలాను నాన్నా, ఆ బట్టల్లోనే. గుర్రానికి మాత్రం దుప్పటి కప్పావు. అది నాకు బాగా గుర్తుంది. నీలం గీతల దుప్పటి."
కిర్స్టీ గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆమెకి ఆ రోజు, బురదలో కాలు జారాడని చెప్పాం. ఇద్దరం కలిసే చెప్పాం.
"వాళ్లకి నా దగ్గు చదివి వినిపించావు. ఇది ఎందుకు వినిపించలేదు?"
"పుస్తకంలో లేదు కాబట్టి."
"అదే అడుగుతున్నా. ఎందుకు లేదు?"
పశువులకి మేత వెయ్యాల్సిన వేళైంది. వెళ్లాను. తిరిగొచ్చేసరికి వాడు పడుకున్నాడు. నిద్రపోలేదు. నా అడుగుల చప్పుడు విని, గోడవైపు తిరిగే ఉండి అన్నాడు, "యుద్ధానికి ఎందుకు పోయానో తెలుసా? దేశం కోసమని లాక్లన్ బాబాయి అందరికీ చెప్తాడు. ఇంకో చలికాలం ఆ కన్నం దగ్గర నిలబడలేక పోయాను. చేర్చుకునేటప్పుడు డాక్టరు ఛాతీ మీద చెవి పెడితే, దగ్గు బయటపడకుండా ఊపిరి బిగబట్టాను."

ఫిబ్రవరి 12
గాలి. బళ్లు లేవు.

ఫిబ్రవరి 13
ఏడు బళ్లు. ఈవన్ చెప్పినది అంతా సరిగ్గా అట్లాగే జరిగిందనుకోను. నాలుగు గంటలు కాదు, మూడు. సూర్యుడు ఇంకా ఉన్నాడు ఇల్లు చేరేసరికి. గుర్రానికి ఎవరైనా దుప్పటి కప్పుతారు. కప్పకపోతే చస్తుంది.

ఫిబ్రవరి 14
మూడుంబావు గంటలు.

ఫిబ్రవరి 20
మంచు పదహారు అంగుళాలు. తొమ్మిది బళ్లు. అధికారికి ఇంకో ఉత్తరం రాయమని కిర్స్టీ కలమూ కాగితమూ తెచ్చి బల్ల మీద పెట్టింది. "అది మామూలు జలుబు అని రాయి. అంతకంటే ఏమీ వద్దు."
"ఐదు వారాలు మంచం మీద ఉన్నాడని సంతకం పెట్టి ఇచ్చాను. ఇప్పుడు జలుబు అంటే ఎవరు నమ్ముతారు?"
"నమ్మకపోతే వాళ్ల పాపం. రాయకపోతే ఎవరి పాపం?"
"రాసింది రాసిందే."
ఈవన్ లోపలి నుంచి అన్నాడు, "వదిలెయ్యమ్మా. ఆయన నిజం ఆయనది."

ఫిబ్రవరి 22
కలమూ కాగితమూ రెండు రోజులుగా బల్ల మీదే ఉన్నాయి. ఈ పూట ఆమే తీసింది.

మార్చి 4
ఎండ. నది మీద నీళ్లు తేలుతున్నాయి. ఈవన్‌ని కిటికీ దగ్గర కూర్చోబెట్టమంటే ఎత్తి కూర్చోబెట్టాను. గడ్డి మోపు బరువు కూడా లేడు. రోజంతా యంత్రం తిరగడం చూశాడు. నేను సాయంత్రం లోపలికి రాగానే, "పన్నెండు," అన్నాడు.
"పదకొండు."
"పన్నెండు నాన్నా. ఒకటి లాక్లన్ బాబాయి తన బండితో మన మడిలో పోశాడు. నువ్వప్పుడు గుర్రం డెక్క చూస్తున్నావు."
వెళ్లి కుప్పలు లెక్కపెట్టాను. పన్నెండే. లాక్లన్ ఎందుకు పోశాడో చెప్పలేదు. నేనూ అడగలేదు.

మార్చి 9, ఆదివారం
పని లేదు. చర్చికి పోలేదు. వాడు పడుకుంటే గది గుమ్మం దగ్గర కూర్చున్నాను. మెలకువ వచ్చినప్పుడు ఏదో చెప్పాలనుకున్నాను. నీళ్లు కావాలా అని అడిగాను. వద్దన్నాడు.

మార్చి 15
మంచు నమ్మేట్టు లేదు. యంత్రం ఆపేశాం. మొత్తం మూడువందల పన్నెండు బళ్లు. డాక్టరు వచ్చాడు. నాతో కాదు, కిర్స్టీతో మాట్లాడాడు.

మార్చి 18
నల్లకోడి పొదిగింది. ఈవన్ నన్ను పిలిచాడు. దగ్గరికి వెళితే, "ఏం లేదు. ఉన్నావేమో అని," అన్నాడు. రేపు చెప్దామనుకున్నాను.

మార్చి 19
ఈవన్, పొద్దున ఏడింటికి. గాలి లేదు.

మార్చి 20
పెట్టె చేశాను. పైన్ చెక్క. ఆరడుగుల రెండంగుళాలు. ముడులు లేని పలకలు ఏరాను.

మార్చి 22, శనివారం
సమాధి చేశాం. నేల రెండడుగుల లోతు గడ్డకట్టి ఉంది. లాక్లన్, అతని బావమరిది నిన్నటి నుంచి గడ్డపారలతో కొట్టారు. సైన్యం నుంచి జెండా రాలేదు, మనిషీ రాలేదు. కాగితంలో ఉన్న ప్రకారం అది సబబే. పెట్టె మీద కిర్స్టీ వాడి సైన్యం కోటు కప్పింది. దించే ముందు తీసి మడిచి చంకలో పెట్టుకుంది. ఇరవై ఒక్క ఏళ్లు. మే నెలకి ఇరవై రెండు వచ్చేవి.

మార్చి 24
కంచె బాగుచేశాను.

మార్చి 25
కంచె.

ఏప్రిల్ 3, గురువారం
పొద్దున నలభై డిగ్రీల ఫారెన్‌హీట్. బురద. విత్తనం బంగాళదుంపలు ఏరాను. మధ్యాహ్నం సంఘపెద్దల సమావేశానికి రమ్మని పాస్టరుగారు కబురు పెట్టారు. లాక్లన్ బండిలో వెళ్లాం. దారిలో అన్నాడు, "గవర్నమెంటు కాగితం మనకి అక్కర్లేదని అందరం అనుకున్నాం. చర్చి మనది, చెక్క మనది. నీ నోటిమాట చాలు. ఒక్క మాట అడుగుతారు. అవునను. చాలు."
"నువ్వు ఆ రోజు మంచు మీద ఉన్నావు."
"ఉన్నాను. ఇప్పుడు వయసైంది. మతిమరుపు."
చర్చి పక్కగదిలో ఐదుగురు పెద్దలు, పాస్టరుగారు. ఫలకం గోడకి ఆనించి ఉంది. ఆరు పేర్లు చెక్కారు. కింద ఒక పేరుకి సరిపడా ఖాళీ. వడ్రంగి దాన్ని కూడా నున్నగా రుద్దాడు.
పాస్టరుగారు లేచి నిలబడి అడిగారు, "మర్డో నికల్సన్, నీ కొడుకు ఈ ఊరి నుంచి యుద్ధానికి వెళ్లేటప్పుడు ఆరోగ్యంగానే వెళ్లాడా?"
అందరూ నా వైపు చూశారు. నేను అవునంటానని తెలిసినవాళ్లలా చూశారు. ముసలి ఫిన్లే అయితే ముందే తల ఊపాడు.
నేను చెప్పాను. ఫిబ్రవరి 17 సంగతి మొత్తం చెప్పాను. గుర్రం పడటం, నేను దిగమనడం, పొయ్యి దగ్గరికి పోనివ్వకపోవడం, వంతు పోతుందని. నాలుగు గంటలు అని చెప్పాను. మూడుంబావు అనలేదు. దుప్పటి సంగతి కూడా చెప్పాను. వాణ్ణి యుద్ధం చంపలేదు, నేను చంపాను అన్నాను. నా జన్మలో ఒక్కచోట నిలబడి అన్ని మాటలు మాట్లాడలేదు. చెప్పాక ఒళ్లు తేలికైంది.
ఫిన్లే కళ్లు తుడుచుకుని వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇది చెప్పడానికి గుండె ధైర్యం కావాలి," అన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. నా పేరు పెట్టి చేశారు. ఆ తరవాత కూర్చుని, గొంతు తగ్గించి అన్నారు, "తండ్రే ఇట్లా చెప్పాక, యుద్ధంలో పోయాడని మేం ఎట్లా చెక్కిస్తాం మర్డో?"
"చెక్కించలేరు," అన్నాను.
తిరిగొచ్చేటప్పుడు లాక్లన్ గుర్రాన్ని గట్టిగా తోలాడు. వంతెన దగ్గర బండి ఆపాడు.
"ఈ మాటలు వాడు బతికుండగా వాడితో అన్నావా?"
"వాడికి తెలిసినవే కదా."
"నేను అడిగింది అది కాదు."
"అనలేదు."
"దిగు. నాకు ఇటు పనుంది."
అటు అతనికి ఏ పనీ లేదు. మిగతా దూరం నడిచాను.
కిర్స్టీ బంగాళదుంపలు తొక్క తీస్తోంది. "పేరు పెడతామన్నారా?" అని అడిగింది. జరిగింది చెప్పాను. ఫిన్లే చెయ్యి పట్టుకున్నాడని, పాస్టరుగారు నా కోసం ప్రార్థించారని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.
ఆమె కత్తి ఆపలేదు. "రెండుసార్లు," అంది.
"ఏం రెండుసార్లు?"
"రెండుసార్లూ నువ్వు పొడిబట్టలతో ఒడ్డున నిలబడ్డావు. రెండుసార్లూ నీళ్లలోకి దిగింది వాడే."

ఏప్రిల్ 4
వాన.

ఏప్రిల్ 5
వాన. కిర్స్టీ పైగదిలో పడుకుంటోంది.

ఏప్రిల్ 6, ఆదివారం
పని లేదు. ఫలకం ఎక్కించారు. చర్చికి ఒక్కణ్ణే వెళ్లాను. బయటికొస్తుంటే నలుగురు వచ్చి చెయ్యి కలిపారు. ఇదివరకు టోపీ తాకి ఊరుకునేవాళ్లు కూడా కలిపారు. లాక్లన్ రాలేదు. ఫలకం మీద కింది ఖాళీ బాగానే కనిపిస్తుంది, మధ్యాహ్నం ఎండ సరిగ్గా దానిమీద పడుతుంది. కావాలని వదిలిన నగిషీ అనుకుంటారు తెలియనివాళ్లు.
గురువారం నాడు, చెప్పాక ఒళ్లు తేలికైందని రాశాను. కొట్టెయ్యాలని పుస్తకం తీశాను. కొట్టెయ్యలేదు. ఆ వేళ అది నిజమే.

ఏప్రిల్ 7, సోమవారం
పొద్దున నలభై నాలుగు. దక్షిణం గాలి. నది తెరుచుకుంది. మంచు పలకలు దిగువకి పోతున్నాయి. కొండవైపు మడిలో గుల్లబురద కుప్పలు పరవడం మొదలుపెట్టాలి, నేల ఇంకా కాలు ఆనడం లేదు. ఎర్రావు ఈనింది, పెయ్య.
ఆ గదికి సున్నం వెయ్యందే ఎవరూ పడుకోకూడదని డాక్టరు చెప్పి పంపాడు. పొద్దున తొట్టెలో సున్నం తడిపాను. మంచం బయటికి మొయ్యడానికి కిర్స్టీ ఒక వైపు పట్టింది. గుమ్మం దగ్గర తిప్పేటప్పుడు, నీవైపు ఎత్తు, అంది. నాలుగు రోజుల తరవాత అదే మొదటి మాట. మంచం పెరట్లో పెట్టి ఆమె దొడ్లోకి వెళ్లింది. నేను బకెట్టూ కుంచే తీసుకుని గదిలోకి వెళ్లాను. కిటికీ ఇంకా తెరిచే ఉంది. మూసేసి, కిటికీ పక్క గోడ దగ్గర మొదలుపెడదామని వెళ్లి, మూయకుండానే సున్నం వేశాను.